ఆవిష్కరణ ఎవరి ఖాతాలో? హల్స్–టేలర్ కేసు, మా ఫిజిక్స్ విభాగం రిజిస్టరు

మా ఫిజిక్స్ విభాగం వార్షిక నివేదిక తయారుచేసే బాధ్యత కొన్నేళ్లుగా నా మీద ఉంది. అధ్యాపకుల పేపర్లు, ప్రాజెక్టులు, పేటెంట్లు, విద్యార్థుల నెట్, గేట్ ఫలితాలు, ఆ ఏడాది ఇచ్చిన పీహెచ్‌డీలు, అన్నీ పోగుచేసి ఐక్యూఏసీకి, అంటే సంస్థలోని అంతర్గత నాణ్యతా విభాగానికి పంపాలి. ఈ పనిలో ఏటా ఒకేచోట చిక్కు పడుతుంది. స్కాలర్, గైడు కలిసి సాధించినదాన్ని ఎవరి గడిలో రాయాలి?

ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ కోసం మేము ఇన్నాళ్లూ నింపుతూ వచ్చిన నమూనాలో 7 క్రైటీరియాలు. మూడోది పరిశోధన. అక్కడ పేపర్లను టీచరుకి ఎన్ని అన్న లెక్కలో చూపిస్తాం. అయిదోది విద్యార్థులది. అక్కడ పోటీ పరీక్షలు, ఉద్యోగాలు, ఆటల్లోనూ సాంస్కృతిక పోటీల్లోనూ వచ్చిన పతకాలు. అర్ధరాత్రి దాటేదాకా ల్యాబ్‌లో కూర్చుని ఒక స్కాలర్ పట్టుకున్న కొత్త విషయం మూడోదాంట్లో గైడు లెక్కలో పడుతుంది. అయిదోదాంట్లో దానికి చోటే లేదు. నివేదిక చదివినవాళ్లకు మా విద్యార్థులు పరీక్షలు రాస్తారని, పరుగుపందేల్లో గెలుస్తారని తెలుస్తుంది. ఫిజిక్స్ చేస్తారని మాత్రం తెలియదు.

అధ్యాపకులం, స్కాలర్లం కలిసి కూర్చుని దీని మీద మాట్లాడాలనుకున్నాం. సొంత విభాగంలోని ఉదాహరణలతో మొదలుపెడితే మాట పెరుగుతుంది. అందుకని బయటి కేసు ఒకటి ఎంచుకుని చదివాం. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్ క్యాంపస్, ఫిజిక్స్–ఆస్ట్రానమీ విభాగం. 1974లో అక్కడి పీహెచ్‌డీ విద్యార్థి రస్సెల్ హల్స్, ఆయన గైడు జోసెఫ్ టేలర్. 1993లో ఇద్దరూ ఫిజిక్స్ నోబెల్ పంచుకున్నారు. విద్యార్థిగా ఉండగా చేసిన పనికి గైడుతో సమానంగా నోబెల్ రావడం అరుదు. ఆ సమానత్వం స్టాక్‌హోంలో పుట్టింది కాదని, 19 ఏళ్ల ముందు ఆ విభాగం పనిచేసిన తీరులోనే ఉందని ఈ కేసు చదివాక నాకు గట్టిగా అనిపించింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అరెసిబోలో ఏం జరిగింది

టేలర్ 1941లో పుట్టారు. 1968లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ ముగించి, మరుసటి ఏడాది ఆమ్‌హర్స్ట్‌లో అధ్యాపకుడిగా చేరారు. పల్సార్లు అప్పుడే బయటపడ్డాయి. తన చుట్టూ తానే వేగంగా తిరుగుతూ, ప్రతి చుట్టుకీ ఒక రేడియో పల్స్ పంపే న్యూట్రాన్ నక్షత్రాన్నే పల్సార్ అంటున్నాం. కొత్తవాటి కోసం ఆకాశాన్ని కంప్యూటర్‌తో గాలిద్దామని టేలర్ 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కి ప్రతిపాదన పంపారు. జంట నక్షత్రాల వ్యవస్థలో ఒక్క పల్సార్ దొరికినా దాని ద్రవ్యరాశి కొలవొచ్చు, అది చాలా విలువైన సంఖ్య అవుతుంది అని ఆ ప్రతిపాదనలో రాశారు. అంటే ప్రశ్న గైడుది. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే విద్యార్థి పక్షాన మాట్లాడేటప్పుడు మనం మొదట మరిచిపోయేది ఇదే.

ఆ గాలింపు హల్స్‌కి థీసిస్‌గా దక్కింది. 1950లో న్యూయార్క్‌లో పుట్టి, కూపర్ యూనియన్‌లో డిగ్రీ చదివి ఆమ్‌హర్స్ట్ వచ్చిన కుర్రాడు. పోర్టోరికోలోని అరెసిబోలో 305 మీటర్ల వ్యాసం ఉన్న రేడియో టెలిస్కోప్‌కి ఒక మినీకంప్యూటర్ తీసుకుని వెళ్లాడు. మాడ్‌కాంప్ అనే ఆ యంత్రం మెమరీ 32 కిలోబైట్లు. దాన్ని పెట్టడానికి ప్లైవుడ్ పెట్టెలు సిద్ధం చేసుకుంటే ప్రయాణంలో అవే ప్యాకింగు, అక్కడికి చేరాక అవే ర్యాకు. ప్రోగ్రాములు తనే రాసుకున్నాడు. టెలిస్కోప్ చూసే ప్రతి దిశలోనూ పీరియడ్ (ఒక పల్స్‌కీ తర్వాతిదానికీ మధ్య సమయం), పల్స్ వెడల్పు, డిస్పర్షన్ కలిపి 5 లక్షలకు పైగా కాంబినేషన్లను ఆ చిన్న యంత్రం పరీక్షించేది. నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ఆలస్యంగా అందుతాయి, ఆ ఆలస్యమే డిస్పర్షన్. అది ఎంతో ముందే తెలియదు కాబట్టి అన్ని విలువలూ వేసి చూడాల్సిందే.

నాయిస్‌లో మామూలుగా ఉండే ఊగిసలాటకు 7 రెట్లు, అంటే 7 సిగ్మా వస్తేనే టెలిటైప్ మీద వరుస అచ్చయ్యేలా పెట్టాడు. 1974 జులై 2న ఒక సిగ్నల్ 7.25 దగ్గర వచ్చింది. ఇంకొంచెం బలహీనంగా ఉంటే ఆ వరుస అచ్చయ్యేదే కాదు. పీరియడ్ 59 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి దాదాపు 17 చుట్లు. అప్పటికి అంతకన్నా వేగంగా తిరిగే పల్సార్ క్రాబ్ నెబ్యులాలోది ఒక్కటే. ఇది గరుడ రాశిలో ఉంది, పేరు పీఎస్ఆర్ 1913+16.

ఆగస్టు 25న పీరియడ్‌ని ఖచ్చితంగా కొలుద్దామని కూర్చున్నాడు. ఒకే రోజు తీసిన రెండు కొలతలు 27 మైక్రోసెకన్లు తేడా వచ్చాయి. సాధారణ మనిషికి అది లెక్కలోకి రాదు. పల్సార్ల పని చేసేవాళ్లకు అసాధ్యమైన తేడా అది, ఎందుకంటే పల్సార్ గడియారాలు అంత తొందరగా తప్పవు. హల్స్ కూడా ముందు తన పరికరాన్నే అనుమానించాడు. మళ్లీ కొలిచాడు, ఇంకో విలువ వచ్చింది. ప్రతి పల్సార్‌కీ నింపే ఫారంలో పీరియడ్ గడిలో రాసింది కొట్టేసి మరోటి రాశాడు, దాన్నీ కొట్టేశాడు. ఆ కొట్టివేతల షీటు తర్వాతి కాలంలో ఆయన నోబెల్ ఉపన్యాసంలో బొమ్మగా చేరింది. మా స్కాలర్లకు ఈ కేసు చెప్పినప్పుడు అందరికన్నా ఎక్కువసేపు ఆగింది ఆ షీటు దగ్గరే. మన ల్యాబ్‌లలో కొట్టివేతలున్న పేజీ అంటే తప్పు చేసినట్టు. ఫెయిర్ రికార్డులోకి శుభ్రమైన విలువ ఎక్కించి పాత కాగితం పారేస్తాం. హల్స్ ఆ పని చేసి ఉంటే ఆవిష్కరణకి సాక్ష్యం చెత్తబుట్టలో ఉండేది.

ఇంకా వేగంగా శాంపిల్ తీయడానికి కొత్త ప్రోగ్రాం రాసుకుని సెప్టెంబర్ 1న, 2న కొలిచాడు. అరెసిబో డిష్ కదిలేది కాదు కాబట్టి రోజుకి రెండు గంటలో ఎంతో మాత్రమే ఆ పల్సార్ కనపడేది. ఆ కాసేపట్లో పీరియడ్ తగ్గుకుంటూ పోయింది. రెండో రోజూ అలాగే తగ్గింది. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెడితే కలవలేదు. 45 నిమిషాలు పక్కకు జరిపితే అచ్చంగా కలిశాయి. పరికరం లోపమైతే రోజూ ఒకే గడియారం సమయానికి రావాలి, ఇలా జరగకూడదు. పల్సార్ కనపడని మరో వస్తువు చుట్టూ తిరుగుతోంది, మన వైపు వస్తున్నప్పుడు పల్సులు దగ్గరదగ్గరగా అందుతాయి, ఆ డాప్లర్ ప్రభావంతో పీరియడ్ తగ్గుతోంది. కక్ష్య కాలం 7 గంటల 45 నిమిషాలు. మూడు చుట్లకు 23 గంటల 15 నిమిషాలు, 24 గంటలకు 45 నిమిషాలు తక్కువ. జరపాల్సి వచ్చిన 45 నిమిషాలు అవే. సెప్టెంబర్ 16న పీరియడ్ తగ్గడం ఆగి, మళ్లీ పెరగడం మొదలైంది. అనుమానం తీరిపోయింది.

టేలర్‌కి ఉత్తరం రాశాడు. అది చేరేదాకా ఆగలేక ఫోన్ చేశాడు. అరెసిబో నుంచి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి షార్ట్‌వేవ్ రేడియో, అక్కడి నుంచి టెలిఫోన్ లైను. టేలర్ మెరుగైన పరికరాలు పట్టుకుని అరెసిబో వచ్చారు. 1975 జనవరిలో ఆస్ట్రోఫిజికల్ జర్నల్ లెటర్స్‌లో పేపర్ వచ్చింది. ఇద్దరే రచయితలు. మొదటి పేరు హల్స్‌ది, రెండోది టేలర్‌ది.

నిధులు తెచ్చింది, ప్రశ్న వేసింది, జంట పల్సార్ దొరికితే ఏమవుతుందో ముందే రాసిపెట్టింది టేలర్. అయినా వాదన, బేరం లేకుండా విద్యార్థి పేరు ముందు పెట్టారు. ఇందులో గొప్ప త్యాగం ఉందని నేను అనను. వాస్తవం ఏదో అదే పేపర్ మీద రాశారు. విశ్వవిద్యాలయాల్లో అదే కరువు.

తర్వాతి కథ టేలర్‌ది. హల్స్ 1975లో పీహెచ్‌డీ తీసుకుని, నేషనల్ రేడియో ఆస్ట్రానమీ అబ్జర్వేటరీలో కొంతకాలం పనిచేసి, 1977లో ప్రిన్స్‌టన్ ప్లాస్మా ఫిజిక్స్ లేబరేటరీకి మారిపోయారు. ఆ పల్సార్‌ని టేలర్ వదల్లేదు. ఐన్‌స్టైన్ సిద్ధాంతం ప్రకారం అలాంటి జంట గురుత్వ తరంగాల రూపంలో శక్తి పోగొట్టుకుంటూ దగ్గరవ్వాలి, కక్ష్య కాలం తగ్గాలి. ఏడాదికి దాదాపు 76 మైక్రోసెకన్లు. ఫౌలర్, మెక్‌కలక్‌లతో కలిసి 1979లో మొదటి ఫలితం ప్రచురించారు, జోయెల్ వైస్‌బర్గ్‌తో కలిసి దశాబ్దాల పాటు కొలతలు మెరుగుపరిచారు. సిద్ధాంతం చెప్పిన తగ్గుదలకీ కొలిచినదానికీ తేడా ఒక శాతంలో చిన్న భాగానికి దిగింది. 2015 సెప్టెంబర్‌లో అమెరికాలోని లైగో డిటెక్టర్లు గురుత్వ తరంగాలను నేరుగా పట్టుకునేదాకా అవి ఉన్నాయనడానికి మనకున్న పెద్ద ఆధారం ఇదే.

1993లో నోబెల్ కమిటీ ప్రశంస మొదట చెప్పింది కొత్త రకం పల్సార్‌ని కనిపెట్టడం గురించి; ఆ ఆవిష్కరణ గురుత్వాకర్షణ అధ్యయనానికి కొత్త దారులు తెరిచిందని తర్వాత చెప్పింది. ఇదే మాటలు కాస్త తిప్పి, గురుత్వ తరంగాల శక్తి నష్టాన్ని నిరూపించినందుకు అని రాసి ఉంటే హల్స్ పేరు ఉండేదా అని మా స్కాలర్ ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. బహుశా వైస్‌బర్గ్ పేరు ముందుకి వచ్చేది. అంటే ఈ మంచి కేసులో కూడా ఏళ్లకేళ్లు కష్టపడ్డ ఒక మనిషి బహుమతి బయటే ఉండిపోయాడు. సాధనని ఏ వాక్యంతో వర్ణిస్తామో ఆ వాక్యమే ఎవరు లోపల, ఎవరు బయట అన్నది తేలుస్తుంది. ఏటా నివేదికలో ఒక్కో సాధనకి ఒక్కో వాక్యం రాసే నాలాంటివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఏడేళ్ల ముందు, కేంబ్రిడ్జ్‌లో

పక్కన పెట్టి చూడాల్సిన కేసు జోసెలిన్ బెల్‌ది. తెలిసిన కథే కాబట్టి టూకీగా చెబుతాను. కేంబ్రిడ్జ్‌లో ఆంటొనీ హ్యూయిష్ విద్యార్థిని ఆమె. 4.5 ఎకరాల్లో 2,048 డైపోల్ యాంటెన్నాలతో హ్యూయిష్ రూపొందించిన టెలిస్కోప్‌ని కట్టడానికి మిగతావాళ్లతో కలిసి గుంజలు పాతింది. అది నడవడం మొదలయ్యాక రోజుకి 96 అడుగుల చార్టు కాగితాన్ని కళ్లతో చదివింది. 1967 ఆగస్టులో ఒక చిన్న గీకుడు లాంటిది గమనించింది. అది నక్షత్రాల కాలమానాన్ని అనుసరించి తిరిగి వస్తోందని పట్టుకున్నది ఆమే. నవంబర్ 28న వేగంగా చార్టు తిప్పితే 1.3 సెకన్లకు ఒక పల్స్ తేలింది. డిసెంబర్ 21న రెండోది దొరికింది. 1968 ఫిబ్రవరిలో నేచర్‌లో వచ్చిన పేపర్‌కి అయిదుగురు రచయితలు, మొదట హ్యూయిష్, తర్వాత బెల్. 1974 నోబెల్ హ్యూయిష్‌కి, మార్టిన్ రైల్‌కి వచ్చింది. పల్సార్ల ఆవిష్కరణలో నిర్ణయాత్మక పాత్ర అని హ్యూయిష్ గురించి ప్రశంసలో రాశారు. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. బెల్ మాత్రం, మరీ అసాధారణమైన సందర్భాల్లో తప్ప పరిశోధక విద్యార్థులకు నోబెల్ ఇస్తే దాని విలువ తగ్గుతుందని, తనది అలాంటి సందర్భం కాదని 1977లో అన్నారు.

ఆమె ఉదారంగా అన్న ఆ మాటని ఇప్పటికీ కొందరు గైడ్లు తమకు అనుకూలంగా వాడుకుంటారు. అది నాకు ఏమాత్రం నచ్చదు. నష్టపోయిన మనిషి పెద్దమనసుతో మాట్లాడితే అది నియమం అయిపోదు.

హల్స్ అరెసిబోలో తన కర్వులు జరిపి చూసుకుంటున్నది 1974 సెప్టెంబర్. హ్యూయిష్‌కి నోబెల్ ప్రకటించింది ఆ మరుసటి నెలలో. రెండూ పల్సార్ల మీదే, రెండింట్లోనూ గైడు వేసిన ప్రశ్న, గైడు తెచ్చిన డబ్బు, విద్యార్థి గమనించిన అసాధారణ సంగతి. మరి ఎందుకు వేరుగా ముగిశాయి? కమిటీల మనసు మారిందని ఒక జవాబు. అదీ కొంత నిజమే. కానీ కాగితాలు చూస్తే ఇంకో తేడా ఉంది. హల్స్ పేపర్‌లో ఇద్దరే, విద్యార్థి ముందు. కేంబ్రిడ్జ్ పేపర్‌లో బృందం, నాయకుడు ముందు. తర్వాత ఎవరు చదివినా ఆ వరుసలోనే చదువుతారు. రచయితల వరుస ఆ వారంలో చేసుకున్న చిన్న ఏర్పాటులా కనపడుతుంది. పాతికేళ్ల తర్వాత దాన్నే చరిత్ర అంటారు.

టేలర్ 1993 నోబెల్ వేడుకకు బెల్‌ని అతిథిగా ఆహ్వానించారు. 2018లో ఆమెకు ప్రత్యేక బ్రేక్‌త్రూ బహుమతిగా 30 లక్షల డాలర్లు వస్తే, ఫిజిక్స్‌లోకి తక్కువగా వచ్చే వర్గాల విద్యార్థుల పీహెచ్‌డీ ఫెలోషిప్పుల కోసం మొత్తం ఇచ్చేశారు.

మన దగ్గర గురుశిష్యుల పేర్లు కలిసి నిలిచిన ఉదాహరణ లేదా అని అడిగితే, స్పెక్ట్రోస్కోపీ చదివినవాళ్లు వెంటనే చెప్పేది భగవంతం–వెంకటరాయుడు పద్ధతి. సూరి భగవంతం కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. స్ఫటికాల్లో ఏ కంపనాలు రామన్ స్పెక్ట్రంలో కనపడతాయో గ్రూప్ థియరీతో లెక్కగట్టే పద్ధతిని వెంకటరాయుడితో కలిసి వాల్తేరులో తయారుచేశారు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడ ఆ లెక్క వేసినా రెండు పేర్లూ కలిపే చెబుతారు. పెద్దపేరు ఒక్కటే మిగిలి రెండోది రాలిపోవడం ఎంత తేలికో తెలిసినవాళ్లకు ఇది ఎంత విలువైనదో అర్థమవుతుంది.

మేం మార్చుకున్నది

ముందుగా మా ఉదాహరణ ఒకటి. రేర్ ఎర్త్ అయాన్లు కలిపిన గాజు నమూనాల మీద మా దగ్గర ఒక బృందం పనిచేస్తుంది. ఒకే మిశ్రమంతో చేసిన గాజులు ఎమిషన్ స్పెక్ట్రంలో ఒక్కోసారి ఒక్కోలా వచ్చేవి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వచ్చిన ఒక అమ్మాయి గాజుని మెల్లగా చల్లార్చే అనీలింగ్ ఫర్నేసులో, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఒకటి విడిగా పెట్టి చూసింది. ప్యానెల్ మీద చూపించే ఉష్ణోగ్రతకీ నమూనా ఉన్నచోట ఉష్ణోగ్రతకీ తేడా ఉంది, అదీ తలుపు వైపు ఎక్కువ. ఆ సంగతి ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసి, క్రూసిబుల్ ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసింది. ఆ తర్వాత వచ్చిన ఫలితాలన్నీ ఆ బొమ్మ మీద నిలబడ్డవే. పేపర్ వచ్చేసరికి ఆమె చదువు ముగించి వెళ్లిపోయింది. చేసినవాళ్లు క్యాంపస్‌లో లేనప్పుడు పేరు జారిపోవడం ఎంత మామూలో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆమె పేరు నిలిచిందంటే నోట్‌బుక్‌లో తేదీ ఉండబట్టే.

ఇప్పుడు మా అచీవ్‌మెంట్స్ రిజిస్టరులో ప్రతి ఫలితానికీ ఒక పేజీ. పేపర్ అచ్చయ్యాక నింపం, జర్నల్‌కి పంపేరోజే నింపుతాం, ఎందుకంటే అచ్చయ్యేసరికి అందరికీ అంతా తమదే అనిపిస్తుంది. ప్రశ్న ఎవరిది, పరికరం ఎవరు సిద్ధం చేశారు, కొలతలు ఎవరు తీశారు, విశ్లేషణ ఎవరిది, డ్రాఫ్టు ఎవరిది అని రాసి స్కాలర్, గైడు ఇద్దరూ సంతకం చేస్తారు. పేపర్‌లో ఎవరు ఏ పని చేశారో చెప్పమని జర్నళ్లు అడిగే క్రెడిట్ (CRediT) పద్ధతిలో ఇలాంటి పాత్రలు 14 ఉన్నాయి, మేం వాటినే ఆధారం చేసుకున్నాం. అయితే ఆ పద్నాలుగింట్లో లేనిది ఒకటి చేర్చాం: అసాధారణ విషయాన్ని మొదట గమనించింది ఎవరు, నోట్‌బుక్‌లో ఏ పేజీ. హల్స్ కొట్టివేతలు, బెల్ చూసిన గీకుడు, మా అమ్మాయి థర్మోకపుల్ ఆ గడిలోనే పడతాయి. దాన్ని ఆ పద్నాలుగింట్లోని ఇన్వెస్టిగేషన్ అన్న పెద్ద మాట కింద తోసేస్తే మళ్లీ కనపడకుండా పోతుంది.

ఇది పెట్టినప్పుడు ఇద్దరు ముగ్గురు సీనియర్లకు టెన్షన్ పట్టుకుంది. స్కాలర్లు గొడవకు దిగుతారు, ల్యాబ్‌లో నమ్మకం పోతుంది అన్నారు. గొడవలు వచ్చాయి కూడా. ఇంతకుముందు థీసిస్ వైవా దగ్గరో, ఉద్యోగ ఇంటర్వ్యూ దగ్గరో బయటపడేవి ఇప్పుడు పేపర్ పంపకముందే వస్తున్నాయి. ఇద్దరూ ఒకే ల్యాబ్‌లో ఉన్నప్పుడు, నోట్‌బుక్ బల్ల మీద ఉన్నప్పుడు తేల్చుకోవడం సులువు. గైడ్లకూ ఇందులో లాభమే ఉంది. ప్రశ్న ఎవరిది అన్న గడి వాళ్ల పనిని కాపాడుతుంది. టేలర్ 1972లోనే రాసిపెట్టిన ప్రతిపాదన లాంటిది రికార్డులో ఉంటే, విద్యార్థి పేరు ముందు పెట్టినంత మాత్రాన గైడు స్థాయి తగ్గదు.

ఐక్యూఏసీకి పంపే పట్టికలు మా చేతిలో లేవు. అక్కడ పేపర్ ఇప్పటికీ టీచరు లెక్కలోనే వెళ్తుంది. మేం చేసేదల్లా విభాగం సొంత నివేదికలో విద్యార్థుల పరిశోధన అని ఒక అధ్యాయం పెట్టి, రిజిస్టరు పేజీల నుంచి అది నింపడం. ఎమ్మెస్సీ విద్యార్థులు వెళ్లేటప్పుడు నో డ్యూస్ ఫారంతో పాటు సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు, తమ నోట్‌బుక్ బీరువాలో ఏ అరలో ఉందో రాసి ఇస్తారు. పేపర్ డ్రాఫ్టు వాళ్లకు వెళ్లాకే జర్నల్‌కి వెళ్తుంది.

ఒకటి ఇంకా తేలలేదు, ఫలితం ఏ సంస్థ పేరున ఉండాలన్న సంగతి. హల్స్, టేలర్ ఆ పని చేసింది ఆమ్‌హర్స్ట్‌లో. నోబెల్ వచ్చేనాటికి ఇద్దరూ ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు, నోబెల్ జాబితాలో ఇద్దరి పక్కనా ప్రిన్స్‌టనే ఉంది. మా స్కాలర్లు ఇక్కడ కొలతలు తీసి, పోస్ట్‌డాక్‌కి వేరే దేశం వెళ్లి, అక్కడి చిరునామాతో పేపర్ వేస్తున్నారు. అధ్యాపకులు బదిలీ మీద వస్తూ పాత చోట చేసిన పనిని వెంట తెస్తున్నారు. పని జరిగిన చోటు, పేపర్ మీది చిరునామా అని రెండు గడులు పెట్టి ఈ ఏడాది నింపి చూస్తున్నాం. రెండూ వేరైనప్పుడు ఆ ఫలితాన్ని ఏ విభాగం తన సంఖ్యలో కలుపుకోవాలన్నది వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ముందుకి వెళ్తుంది.